ఆర్థిక నేరాల ప్రాసిక్యూటర్‌కు ‘అనుభవం’ అంటే ఏమిటి?

కొత్తకోటు | సోమవారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. న్యాయశాస్త్రం పూర్తిచేసి, బార్‌లో పేరు నమోదు చేయించుకుని ఏడాదిన్నర అయింది. ఒక సీనియర్ దగ్గర జూనియర్‌ని. ఇప్పటిదాకా నా వాదనా పటిమ అంతా వాయిదాలు అడగడంలోనే బయటపడింది.

ఈ మధ్య ఒక సదస్సు ఆహ్వానపత్రంలో వక్త పరిచయం చదివాను. వాణిజ్య నేరాల ప్రాసిక్యూషన్‌లో ఇరవై ఏళ్లకు పైబడిన అనుభవం అని మొదలైంది. బీకాం, ఎల్‌ఎల్‌బీ, ఎల్‌ఎల్‌ఎం, మనీ లాండరింగ్ నిరోధంలో డిప్లొమా, మోసాల పరిశోధనలో సర్టిఫికెట్ అంటూ పేరా నిండా డిగ్రీలే. ఆయన కోర్టులో ఏం చేశారన్నది మాత్రం ఒక్క ముక్క లేదు.

నాకు ఆ రంగమంటే ఆసక్తి. అందుకే అడుగుతున్నాను. ఈ పనికి నిజంగా కావలసిన అర్హతలు ఏమిటి? లెక్కల చదువు లేనివాళ్లు ఇందులోకి రాకూడదా? ఇరవై ఏళ్లు చేసినవారికి తెలిసి, రెండేళ్లు చేసినవారికి తెలియనిది ఏమిటి? మూడో ప్రశ్నకు ఎవరైనా నిజాయితీగా జవాబు చెబితే మొదటి రెండూ వదిలేసినా ఫరవాలేదు.

మూడోవరుస | సోమవారం, ఉదయం 10:47

నేను వకీలును కాను. కోర్టు వార్తలు రాసేవాణ్ని, అందుకే ఈ పేరు. మొదటి ప్రశ్నకు పొడి జవాబు నా దగ్గర ఉంది.

భారతదేశంలో సెషన్స్ కోర్టులోనో హైకోర్టులోనో పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలంటే న్యాయవాదిగా కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఒక కేసు కోసమో ఒక తరగతి కేసుల కోసమో నియమించే స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు పదేళ్లు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 24వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 18వ సెక్షన్. మేజిస్ట్రేట్ కోర్టుల్లో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ల దారి వేరు, అక్కడ నియామక పరీక్షలు ఉంటాయి. అమెరికాలో ఏదో ఒక డిగ్రీ మీద మూడేళ్ల లా చదివి, ఒక రాష్ట్రపు బార్‌లో చేరాలి. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ అయినా, బారిస్టర్ అయినా కావచ్చు. దక్షిణాఫ్రికాలో 1998 నాటి చట్టంతో జాతీయ ప్రాసిక్యూషన్ సంస్థ ఏర్పడింది. దాని కింద 1999లో ప్రిటోరియాలో వాణిజ్య నేరాలకే ప్రత్యేక విభాగం మొదలైంది. కోర్టూ ప్రత్యేకమే.

వీటిలో ఎక్కడా లెక్కల డిగ్రీ తప్పనిసరి అన్న షరతు నాకు కనబడలేదు.

ఆవర్జా | సోమవారం, ఉదయం 11:30

షరతు లేదు నిజమే. ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని ప్రతి కేసులోనూ అనుకుంటాను. నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని, ఫోరెన్సిక్ ఆడిట్ (మోసం జాడ కోసం లెక్కలు తవ్వడం) చేస్తాను, పిలిస్తే సాక్ష్యం చెబుతాను.

ఒకసారి నన్ను బోను ఎక్కించిన ప్రాసిక్యూటర్‌కు డెబిట్ అంటే డబ్బు పోవడం, క్రెడిట్ అంటే రావడం. అంతవరకే. బ్యాంకు తన పుస్తకంలో రాసుకునే క్రెడిట్, ఖాతాదారు తన పుస్తకంలో అదే మొత్తానికి రాసుకునే డెబిట్ రెండూ ఒకటేనని ఆయనకు తట్టలేదు. రెండు పుస్తకాలూ పరస్పరం విరుద్ధంగా ఉన్నాయి కదా అని నన్నే అడిగారు! మా వైపు సాక్షిని మా వకీలే క్రాస్ చేస్తున్నట్టు అయింది. ఎదుటి న్యాయవాది హాయిగా కూర్చుని నవ్వుకున్నాడు.

కాబట్టి కొత్తకోటు గారూ, చార్టర్డ్ అకౌంటెన్సీ చదవనక్కరలేదు కానీ చిట్టా (రోజువారీ పద్దు), ఆవర్జా (ఖాతాల లెడ్జరు), బ్యాలెన్స్ షీట్ చదవడం రాకుండా ఈ వైపు రావద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

పాతఫైలు | సోమవారం, మధ్యాహ్నం 2:05

ముప్పై ఏళ్లు ఈ పనే చేసి రిటైరయ్యాను. ఆవర్జా గారు చెప్పిన ఆ ప్రాసిక్యూటర్‌ని నేను కాదు కానీ, మొదటి ఐదేళ్లలో నేను అయినా అంతే ఉండేవాణ్ని.

మూడో ప్రశ్నకు జవాబు చెబుతాను. కొత్తవాడు పరిశోధన అధికారి తెచ్చిన పెట్టెలన్నీ కోర్టులోకి మోయిస్తాడు. అనుభవమున్నవాడు తొంభై పెట్టెలు కిందే వదిలేసి పది తెస్తాడు. ఆ తొంభై ఎందుకు వదిలేశాడో అడిగితే ఒక్కో దానికీ కారణం చెప్పగలడు. ఈ ఒక్క సంగతి నేర్చుకోవడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.

ఎందుకంటే ఆర్థిక నేరంలో సాక్ష్యానికి కొరత ఉండదు. హత్య కేసులో ఒక కత్తి, ఇద్దరు సాక్షులు దొరికితే గొప్ప. ఇక్కడ కంప్యూటర్లు, ఈమెయిళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బోర్డు తీర్మానాలు గుట్టలుగా వస్తాయి. ఆ గుట్టలో నేరం దాక్కుంటుంది. దాన్ని అలాగే కోర్టులో పోస్తే నిందితుడికి మనమే దుప్పటి కప్పినట్టు.

ఇంగ్లండ్‌లో బ్లూ యారో అనే కంపెనీ షేర్ల జారీలో మోసం కేసు ఏడాది పాటు నడిచింది. 1992 ఫిబ్రవరిలో శిక్షలు పడ్డాయి, అదే ఏడాది అప్పీలు కోర్టు కొట్టేసింది. విచారణ అంత పొడవుగా, అంత చిక్కుగా సాగితే జ్యూరీ దాన్ని సరిగా తూచడం సాధ్యం కాదన్నది సారాంశం. ఆ పాఠం చాలలేదేమో, లండన్ భూగర్భ రైలు జూబిలీ లైన్ కాంట్రాక్టుల కేసు 2003లో మొదలై, దాదాపు రెండేళ్లు సాగి, 2005లో తీర్పే లేకుండా కూలిపోయింది. ఆ ప్రాసిక్యూటర్లకు చదువు తక్కువైందని ఎవరూ అనలేరు.

ఎదుటిబల్ల | సోమవారం, మధ్యాహ్నం 3:20

నేను నిందితుల తరఫు వకీలును. పాతఫైలు గారు మా రహస్యం బయటపెట్టేశారు. ప్రాసిక్యూషన్ రెండు వేల పేజీల చార్జిషీటు వేసిందంటే నా క్లయింటు భయపడతాడు. నాకు మాత్రం కాస్త ధైర్యం వస్తుంది. ఎక్కువ అభియోగాలంటే ఎక్కువ సందులు.

లెక్కల చదువు గురించి ఒక్క మాట. నన్ను బాగా ఇబ్బంది పెట్టిన ప్రాసిక్యూటర్ తెలుగు సాహిత్యం చదివి వచ్చిన ఆవిడ. డొల్ల కంపెనీల గొలుసును ఆవిడ జడ్జికి ఒక్క కాగితం మీద చూపించారు. ఆ కాగితాన్ని తప్పుబట్టడానికి నాకు మూడు వాయిదాలు పట్టింది, అయినా పట్టుకోలేకపోయాను.

ఆవర్జా | సోమవారం, మధ్యాహ్నం 3:41

ఆ ఒక్క కాగితం వెనక ఎవరో అకౌంటెంట్ నెలల తరబడి కూర్చుని ఉంటారు. ఆ పేరు ఎవరికీ గుర్తుండదు. అంతే లెండి.

ఎదుటిబల్ల | సోమవారం, మధ్యాహ్నం 3:44

ఒప్పుకుంటున్నాను.

మూడోవరుస | సోమవారం, సాయంత్రం 5:15

లెక్కల చదువు లేకుండా గెలిచినవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఫెర్డినాండ్ పెకోరాను తలుచుకోవాలి. సిసిలీ నుంచి అమెరికాకు వచ్చిన కుటుంబం. న్యూయార్క్‌లో చాలా ఏళ్లు అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీగా చేశాడు. 1933లో సెనేట్ బ్యాంకింగ్ కమిటీ న్యాయవాదిగా నెలకు 255 డాలర్ల జీతానికి కుదిరి, పెద్ద పెద్ద బ్యాంకర్లను కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. జె.పి. మోర్గాన్ 1931, 1932 సంవత్సరాలకు ఆదాయపు పన్ను ఒక్క డాలరూ కట్టలేదని అలాగే బయటపడింది. 1933 సెక్యూరిటీస్ చట్టం, ఆ మరుసటి ఏడాది షేర్ మార్కెట్లను అదుపు చేసే సెక్యూరిటీస్ అండ్ ఎక్స్‌ఛేంజ్ కమిషన్ రావడంలో ఆ విచారణలకు పెద్ద పాత్ర ఉంది. వాల్ స్ట్రీట్ అనుభవం ఏమీ లేని మనిషి.

ఎదుటిబల్ల | సోమవారం, సాయంత్రం 6:02

పెకోరా గొప్పవాడే. కానీ అది కమిటీ, కోర్టు కాదు. ఆయన ప్రశ్నల తాకిడికి నేషనల్ సిటీ బ్యాంకు చైర్మన్ చార్లెస్ మిచెల్ పదవి వదులుకున్నాడు. తర్వాత అదే మిచెల్‌ను పన్ను ఎగవేతకు క్రిమినల్ కోర్టులో నిలబెడితే 1933 జూన్‌లో నిర్దోషిగా బయటికి వచ్చాడు. పదిమందిలో పరువు తీయడం ఒక పని. సందేహానికి తావు లేకుండా రుజువు చేయడం ఇంకో పని. ప్రాసిక్యూటర్ ఉద్యోగం రెండోది.

కొత్తకోటు | సోమవారం, రాత్రి 8:30

ఒక్క రోజులో ఇన్ని సంగతులు! అందరికీ కృతజ్ఞతలు. పాతఫైలు గారూ, తొంభై పెట్టెలు వదిలేయడం అన్నారు. ఏవి వదలాలో ఎలా తెలుస్తుంది? తప్పు పెట్టె వదిలేస్తే?

పాతఫైలు | మంగళవారం, ఉదయం 7:10

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు జవాబు రాయడం నాకు అలవాటు, పొడవైతే క్షమించండి.

ముందుగా అల్ కాపోన్. కథ అందరికీ తెలిసిందే కానీ ప్రాసిక్యూటర్ కళ్లతో చూడండి. అతని మీద హత్యల మాట, కల్లు సారా మాట అందరూ చెప్పుకునేవారు, కోర్టుకు వచ్చి చెప్పేవారు లేరు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు అక్రమ ఆదాయానికీ పన్ను కట్టాల్సిందేనని చెప్పింది. ఆ తీర్పుతో దారి తెరుచుకుంది. 1926లో ఒక జూదశాల మీద దాడిలో దొరికి, ఎవరూ పట్టించుకోని ఖాతా పుస్తకాలను రెవెన్యూ అధికారి ఫ్రాంక్ విల్సన్ మళ్లీ తిరగేశాడు. అందులోని చేతిరాత ఎవరిదో వెతికాడు. లెస్లీ షమ్‌వే అనే గుమాస్తాది. అతన్ని పట్టుకుని సాక్షిగా నిలబెట్టారు. 1931 అక్టోబరులో కాపోన్‌కు 11 ఏళ్ల శిక్ష పడింది.

హత్యలన్నీ వదిలేశారు. ఆ వదిలేయడంలోనే ప్రాసిక్యూటర్ జార్జ్ జాన్సన్ పనితనం ఉంది. రుజువు కాని పెద్ద నేరం కంటే రుజువయ్యే చిన్న నేరం మేలు. అహం ఉన్నవాడికి ఈ మాట మింగుడుపడదు.

ఇక నేను పెట్టెలు ఎలా ఏరేవాణ్నంటే, ముందు నేరానికి చట్టం చెప్పిన అంగాలు రాసుకునేవాణ్ని. మోసం కేసయితే అబద్ధం చెప్పాడా, అది అబద్ధమని చెప్పేటప్పుడే తెలుసా, ఆ మాట నమ్మి అవతలివాడు సొమ్ము ఇచ్చాడా. ఒక్కోదాని ఎదుట ఒక కాగితం, ఆ కాగితాన్ని కోర్టులో రుజువుపరచగల ఒక మనిషి. ఎదురుగా ఏమీ లేని గడి ఉంటే పరిశోధన అధికారికి ఫోను. ఏ గడిలోనూ ఇమడని కాగితం ఎంత రుచికరంగా ఉన్నా పక్కకే.

మధ్య గడి ఉంది చూశారా, ‘తెలుసా’ అన్నది, అదే అసలు యుద్ధం. డబ్బు ఎటు వెళ్లిందో బ్యాంకు చెబుతుంది. మనసులో ఏముందో ఏ బ్యాంకూ చెప్పదు.

వాయిదా | మంగళవారం, ఉదయం 9:25

కోర్టు ఉద్యోగిని. ఒక చిన్న సంగతి కలుపుతాను, పెద్దలు నవ్వకండి. మంచి ప్రాసిక్యూటర్ ఎవరో మాకు ఎగ్జిబిట్లు (కోర్టు సాక్ష్యంగా తీసుకునే పత్రాలు) మార్క్ చేసే రోజే తెలిసిపోతుంది. సాక్షి బోనులో ఉండగా కాగితం కోసం ఫైళ్లు వెతుక్కునేవారు ఒక రకం. ముందురోజే పట్టిక ఇచ్చి, ఏ సాక్షి ద్వారా ఏ పత్రం మార్క్ అవుతుందో చెప్పేవారు ఇంకో రకం. రెండో రకం వస్తే మాకు పండగే.

ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ మర్చిపోయి వచ్చినవారినీ చూశాను. పాత సాక్ష్య చట్టంలో అది 65బి, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్. 2020లో సుప్రీంకోర్టు ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అని తేల్చింది. అసలు పరికరాన్నే తెచ్చి రుజువు చేస్తే తప్ప మినహాయింపు లేదు. కొత్త చట్టంలో హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. కోట్ల మోసం కేసు ఈ ఒక్క కాగితం దగ్గర తడబడుతుంది.

పాతఫైలు | మంగళవారం, ఉదయం 9:50

నవ్వడమా! నేను రాసిన దానికంటే మీరు రాసిందే ముందు చదవాలి.

రచ్చబండ | మంగళవారం, ఉదయం 11:00

మీరంతా పనితనం గురించి మురిసిపోతున్నారు. బయట ఉన్న మాకు కనిపించేది వేరు. పెద్దవాళ్లు బెయిలు మీద తిరుగుతుంటారు, కేసు పదేళ్లు సాగుతుంది, చివరికి గుమాస్తాకు శిక్ష పడుతుంది. అనుభవజ్ఞులైన ప్రాసిక్యూటర్లు ఇంతమంది ఉంటే ఇలా ఎందుకు?

ఎదుటిబల్ల | మంగళవారం, ఉదయం 11:38

కోపం న్యాయమే. కానీ ప్రాసిక్యూటర్ చేతిలో లేనివాటిని కూడా ఆయన ఖాతాలో వేస్తున్నారు. మన దగ్గర పరిశోధన వేరు, ప్రాసిక్యూషన్ వేరు. చార్జిషీటు వేసే ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్ అభిప్రాయం తీసుకోవాలని పోలీసులను కోర్టు ఆదేశించడం కుదరదని 2000లో సుప్రీంకోర్టే చెప్పింది. వండేది ఒకరు, వడ్డించేది ఇంకొకరు. ఉప్పు తక్కువైతే తిట్లు వడ్డించినవాడికి.

ఇంగ్లండ్‌లో 1986లో రోస్కిల్ కమిటీ నివేదిక తర్వాత 1988లో సీరియస్ ఫ్రాడ్ ఆఫీస్ పెట్టారు. వకీళ్లు, అకౌంటెంట్లు, పరిశోధకులు మొదటి రోజు నుంచీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. దక్షిణాఫ్రికా ప్రత్యేక విభాగంలోనూ పరిశోధనకు ప్రాసిక్యూటరే దారి చూపిస్తాడు.

రచ్చబండ | మంగళవారం, ఉదయం 11:55

అయితే అక్కడ పెద్దవాళ్లందరికీ శిక్షలు పడుతున్నాయా?

ఎదుటిబల్ల | మంగళవారం, మధ్యాహ్నం 12:03

లేదు. ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఆ ప్రమాదాలు వేరు. తాము పెంచిన కేసు మీద మమకారం పుడుతుంది. లోపం చెప్పేవాడు ఉండడు.

మూడోవరుస | మంగళవారం, మధ్యాహ్నం 1:20

రచ్చబండ గారికి సత్యం కంప్యూటర్స్ కేసు గుర్తుచేస్తాను. 2009 జనవరి 7న చైర్మనే లేఖ రాసి, ఐదు వేల కోట్ల రూపాయలకు పైగా లేని నగదును ఉన్నట్టు చూపామని ఒప్పుకున్నాడు. ఇక విచారణ దేనికి అని అప్పట్లో నేనూ అనుకున్నాను. ప్రాసిక్యూషన్ 226 మంది సాక్షులను, మూడు వేలకు పైగా పత్రాలను కోర్టు ముందు పెట్టింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందినీ దోషులుగా తేల్చింది. చైర్మన్‌కు ఏడేళ్లు. మరుసటి నెలలోనే అప్పీలులో శిక్ష నిలిపివేసి బెయిలు ఇచ్చారు.

ఒప్పుకోలు లేఖ ఉండగా ఆరేళ్లు ఎందుకు అన్నది మీ ప్రశ్న అయితే, పాతఫైలు గారు చెప్పాలి.

పాతఫైలు | మంగళవారం, మధ్యాహ్నం 2:45

ఆ కేసు నాది కాదు, పద్ధతి మాత్రం చెప్పగలను. ఒకడు రాసిన లేఖ మిగతా తొమ్మిదిమంది మీద రుజువు కాదు. రాసినవాడు కూడా రేపు కోర్టులో ఆ మాట వేరే అర్థంలో అన్నానంటాడు. కాబట్టి లేఖ లేదనుకునే కేసు కట్టాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు నకిలీదని చైర్మన్ చెప్పడం కాదు, ఆ బ్యాంకు అధికారి రిజిస్టరుతో వచ్చి అలాంటి డిపాజిట్ మా దగ్గర లేదని చెప్పాలి. ఒక్కో రసీదుకు ఒక్కో మనిషి. అందుకే సాక్షులు వందలవుతారు. ఇది పెట్టెలు మోయడం కాదు, ఇవి వదలకూడని పెట్టెలు. తేడా పట్టుకోవడమే కష్టం.

ఒప్పుకోలును నమ్ముకుంటే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో గిన్నెస్ బీరు కంపెనీ షేర్ల కేసు చూడండి. కంపెనీ అధిపతి ఎర్నెస్ట్ సాండర్స్‌ను ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు ప్రశ్నించారు. జవాబు చెప్పకపోతే శిక్ష ఉంటుంది కాబట్టి చెప్పాడు. ఆ జవాబులనే కోర్టులో అతని మీద ప్రయోగించారు, 1990లో శిక్ష పడింది. 1996లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఇది న్యాయమైన విచారణ కాదంది. బలవంతాన రాబట్టిన మాట ఎంత తియ్యగా ఉన్నా చివరికి గొంతులోనే అడ్డుపడుతుంది.

కొత్తకోటు | మంగళవారం, సాయంత్రం 6:40

గెలిచిన కేసుల శాతం చూసి ప్రాసిక్యూటర్ అనుభవాన్ని కొలవవచ్చా? ఆ సదస్సు పరిచయంలో శిక్షల శాతం కూడా వేశారు, మొదటి పోస్టులో రాయడం మరిచాను.

ఎదుటిబల్ల | మంగళవారం, సాయంత్రం 7:05

శాతం పెంచుకోవడానికి సులువైన మార్గం కష్టమైన కేసులు తీసుకోకపోవడం. ఇంకో మార్గం ఉంది, అది పాపం. నిందితుడికి పనికొచ్చే కాగితం దాచేయడం. 1963లో బ్రేడీ తీర్పుతో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి సాక్ష్యం నిందితుడికి ఇచ్చి తీరాలంది. అయినా 2008లో అలాస్కా సెనేటర్ టెడ్ స్టీవెన్స్‌ను కానుకలు దాచిపెట్టిన కేసులో దోషిగా తేల్చాక, ప్రాసిక్యూటర్లు అతనికి అనుకూలమైన సాక్ష్యం ఇవ్వలేదని బయటపడింది. 2009 ఏప్రిల్‌లో ఆ తీర్పే రద్దయింది. మధ్యలో ఆయన ఎన్నిక ఓడిపోయాడు. శాతంలో అది కొంతకాలం గెలుపుగానే కనిపించి ఉంటుంది.

నా అనుభవంలో నేను భయపడేది కాగితాలన్నీ అడగకముందే నా చేతిలో పెట్టే ప్రాసిక్యూటర్‌కు. దాచడానికి ఏమీ లేదంటే కేసు గట్టిదని అర్థం.

పాతఫైలు | మంగళవారం, సాయంత్రం 7:48

గెలిచి ఓడడానికి పెద్ద ఉదాహరణ ఆర్థర్ ఆండర్సన్. కుప్పకూలిన ఎన్‌రాన్ కంపెనీ కాగితాలు ముక్కలు చేసినందుకు 2002 జూన్‌లో ఆ ఆడిట్ సంస్థను దోషిగా తేల్చారు. 2005 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. కారణం జ్యూరీకి ఇచ్చిన సూచనల్లో మాటలు. తప్పు చేస్తున్నామన్న ఎరుక ఉండాలన్న సంగతి ఆ మాటల్లో జారిపోయింది. మళ్లీ ‘తెలుసా’ గడే! అప్పటికి ప్రపంచమంతా కలిపి 85,000 మంది పనిచేసిన సంస్థ దాదాపు మాయమైంది. తీర్పు తిరగబడింది, ఉద్యోగాలు తిరిగి రాలేదు. కంపెనీ మీద అభియోగం మోపాలా, మనుషుల మీదా అని తేల్చుకునేటప్పుడు ఈ కేసు తలుచుకోని ప్రాసిక్యూటర్‌ను అనుభవజ్ఞుడని నేను అనను.

మూడోవరుస | మంగళవారం, రాత్రి 9:10

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఒక చిత్రం. దక్షిణాఫ్రికాలో వ్యాపారి షబీర్ షేక్ అవినీతి కేసులో 2005 జూన్‌లో తీర్పు వచ్చింది, 15 ఏళ్ల శిక్ష. అతనికీ అప్పటి ఉపాధ్యక్షుడు జేకబ్ జుమాకూ మధ్య ఉన్నది మొత్తంగా అవినీతి సంబంధమని జడ్జి అన్నట్టు పత్రికలన్నీ రాశాయి. చివరికి అప్పీలు కోర్టు తీర్పులో కూడా అలాగే వచ్చింది. నిజానికి ఆ మాట ప్రాసిక్యూషన్‌ది. తాను అనలేదని జడ్జి స్క్వైర్స్ తర్వాత చెప్పాల్సి వచ్చింది. ప్రాసిక్యూటర్ కట్టిన ఒక పదబంధం న్యాయమూర్తి నోటి మాటగా చెలామణి అయిందంటే దాని బలం చూడండి. మా వృత్తికి సిగ్గుచేటు అనుకోండి, అది వేరే విషయం.

ఆవర్జా | బుధవారం, ఉదయం 8:20

పాతఫైలు గారూ, ఈ కుర్రాడికి ఉపన్యాసాలు చాలు. ఏదైనా పని చెప్పండి.

పాతఫైలు | బుధవారం, ఉదయం 8:55

మంచిది. మా ఆఫీసుకు కొత్తగా వచ్చినవారికి ఇచ్చే పరీక్షే ఇస్తాను. కొత్తకోటు గారూ, వరల్డ్‌కామ్ కేసు చదవండి. లెక్కలు బొత్తిగా తెలియని జడ్జికి ఐదే వాక్యాల్లో చెప్పండి. ‘మోసం’, ‘కుట్ర’, ‘దురుద్దేశం’ అన్న మాటలు వాడకూడదు. ఆ మాటలు జడ్జి నోట రావాలి, మీ నోట కాదు.

కొత్తకోటు | గురువారం, రాత్రి 11:30

రెండు రోజులు పట్టింది. ఇదిగో.

1. వరల్డ్‌కామ్ టెలిఫోను కంపెనీ, వేరే కంపెనీల లైన్లు వాడుకున్నందుకు వాటికి అద్దె కట్టేది.
2. అద్దె ఏ ఏటికి ఆ ఏడు ఖర్చు కిందే రాయాలి, కానీ వీరు దాన్ని కొన్న ఆస్తిలా పుస్తకాల్లో రాశారు.
3. అలా రాయడం వల్ల ఖర్చు కనబడకుండా పోయి, నష్టం రావలసిన చోట లాభం కనిపించింది, షేరు ధర నిలబడింది.
4. కంపెనీ అధిపతి బెర్నార్డ్ ఎబర్స్‌కు ఈ సంగతి తెలుసు.
5. ఆయన తన షేర్లు చూపించి భారీగా అప్పులు చేసి ఉన్నాడు కాబట్టి, షేరు పడిపోతే మొదట మునిగేది ఆయనే.

ఆవర్జా | శుక్రవారం, ఉదయం 7:15

రెండో వాక్యం చక్కగా ఉంది, నేనే వాడుకుంటాను. మూడోది మాత్రం మూడు సంగతులను ఒకే తాడుకు కట్టింది. ఖర్చు కనబడకపోవడం పుస్తకం చెబుతుంది. లాభం కనబడటం ప్రకటించిన ఫలితాలు చెబుతాయి. షేరు ధర నిలబడింది అందువల్లే అని చెప్పడానికి వేరే సాక్షి కావాలి. విడదీయండి.

ఎదుటిబల్ల | శుక్రవారం, ఉదయం 9:40

నేను నాలుగో వాక్యం దగ్గరే లేచి నిలబడతాను. ‘తెలుసు’ అన్నది మీ అభిప్రాయమా, సాక్ష్యమా? నా క్లయింటు వ్యాయామ విద్య చదివిన మనిషి, బాస్కెట్‌బాల్ కోచ్‌గా పనిచేసినవాడు. లెక్కలు అకౌంటెంట్లు చూసుకునేవారు, ఆయన సంతకం పెట్టేవాడు. ఎబర్స్ అసలు విచారణలో చెప్పుకున్నది కూడా దాదాపు ఇదే. కానివ్వండి.

కొత్తకోటు | శుక్రవారం, మధ్యాహ్నం 1:25

నాలుగో వాక్యం మార్చాను.

4. ఈ రాతలు సరికాదని తాను ఎబర్స్‌కు చెప్పానని, అయినా ముందే ప్రకటించిన అంకెలు అందుకోవాలని ఆయన పట్టుబట్టాడని కంపెనీ ఆర్థిక అధికారి స్కాట్ సలివాన్ కోర్టులో ప్రమాణం చేసి చెప్పాడు.

ఇప్పుడు ‘తెలుసు’ అన్న మాట నాది కాదు, సాక్షిది.

పాతఫైలు | శుక్రవారం, మధ్యాహ్నం 1:50

ఇప్పుడు దారిలో పడ్డారు. 2005లో జ్యూరీ నమ్మింది, ఎబర్స్‌కు 25 ఏళ్లు పడింది. ఎదుటిబల్ల గారూ, మీ వంతు.

ఎదుటిబల్ల | శుక్రవారం, మధ్యాహ్నం 2:10

“సలివాన్ గారూ, మీరు కూడా నేరం ఒప్పుకున్నవారే కదా? మీకు పడబోయే శిక్ష ఇంకా ఖరారు కాలేదు కదా? ఈరోజు మీరు చెప్పే సాక్ష్యాన్ని బట్టి అది తగ్గుతుందని మీకు ఆశ ఉందా, లేదా?”

కొత్తకోటు గారూ, ఈ మూడు ప్రశ్నలు నేను అడగకముందే మీ సాక్షిని మీరే అడిగేశారా?

కొత్తకోటు | శుక్రవారం, మధ్యాహ్నం 2:31

లేదు. ఆరో వాక్యానికి అనుమతి ఉందా?

పాతఫైలు | శుక్రవారం, మధ్యాహ్నం 2:33

లేదు. మూడోది కొట్టేసి ఆ చోటు వాడుకోండి.